క్లిక్కు తీసేసిన రోజు

నిన్న రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగినప్పుడే విషయం సగం అర్థమైంది. ఆ వేళప్పుడు డ్రమ్మర్ కోసం వెతుకుతున్నారంటే ముందు అనుకున్నవాడు తప్పుకున్నాడనో, తప్పించారనో లెక్క. ఈ రోజు ఉదయం సింబల్స్ సంచీని నా శిష్యుడి భుజానికి తగిలించి, స్నేర్ అనే చిన్న డ్రమ్మును నేను పట్టుకుని, యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో ఎనిమిదిన్నరకల్లా ఫిలింనగర్‌లోని స్టూడియోకు చేరుకున్నాను.

తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి ఉంది. స్టూడియో పోర్టికోలో ముగ్గురు డప్పు కళాకారులు పాత దినపత్రికలు మండించి డప్పులు కాచుకుంటున్నారు. మేకతోలు తేమకు సడలిపోతే దెబ్బలో మోత ఉండదు కనుక వానాకాలంలో వారికి ఈ పని తప్పదు. 1950ల చివర్లో ప్లాస్టిక్ పొరలు వాడుకలోకి వచ్చేవరకు డ్రమ్ములకూ తోలే ఉండేది కాబట్టి, వాయించేవాళ్లకు ఆ బాధ తెలిసే ఉంటుంది; నా తరానికి అది తెలియదు. లోపల రికార్డిస్టు గడియారం చూస్తున్నాడు. నేను మైకులు సరిచూసుకుని, పుల్లలు పక్కన పెట్టి కూర్చున్నాను. పక్కవాళ్లు వాద్యాలు సవరించుకుంటుండగా స్నేర్ మీద టకటకలాడిస్తూ కూర్చునే డ్రమ్మరు ఎంత బాగా వాయించినా, వాయించడం మొదలుకాకముందే గదిలో సగం మందికి విసుగు తెప్పిస్తాడు. ఇరవై రెండేళ్ల వయసులో నేనూ అదే పని చేసేవాణ్ని. ఒక పెద్ద వయలిన్ విద్వాంసుడు విల్లు దించి నా వైపు చూసిన చూపుతో ఆ అలవాటు పోయింది.

నిన్న జరిగింది కొద్దికొద్దిగా తెలిసింది. ముందు పిలిచిన కుర్రవాడు, హెడ్‌ఫోన్లలో టిక్కు టిక్కుమంటూ వేగం చెప్పే క్లిక్కును అనుసరించి ఏ లోపమూ లేకుండా వాయించాడట. ఆ టేకు నాకు వినిపించారు. నా చేతుల్లో ఆ వేగం లేదని ఒప్పుకోక తప్పదు. అయితే డప్పులు క్లిక్కులో నిలవకపోయేసరికి, అందరి హెడ్‌ఫోన్లకూ మాట చేరవేసే టాక్‌బ్యాక్ మైకు తెరిచి ఉన్న సంగతి చూసుకోకుండా, లయ తెలియదన్న అర్థంలో ‘వీళ్లకు టైమ్ లేదు’ అన్నాడు. ఆ మాట ముగ్గురి హెడ్‌ఫోన్లలోనూ పడింది. వారు ఏమీ అనలేదట, డప్పులు సంచుల్లో పెట్టేసుకున్నారట.

నేను పోర్టికోలోకి వెళ్లి, నల్గొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన పక్కన నిలబడి, ఎక్కడ ఇబ్బందిగా ఉందని అడిగాను. ఆయన డప్పు వాయించే సన్నని సిటికెన పుల్లను వేళ్ల మధ్య తిప్పుతూ, ‘తమ్మీ, గా టిక్కు టిక్కు చెవుల మోగుతుంటె కాళ్లు ఆడుతలేవు. కాళ్లు ఆడకుంటె చెయ్యి ఆడదు’ అన్నాడు. పైగా మైకుల కోసం వారిని కుర్చీల్లో కూర్చోబెట్టారట. అడుగులు వేస్తూ వాయించే వాద్యాన్ని కూర్చోబెట్టి వాయించమనడం ఎవరి ఆలోచనో నాకు తెలియదు, అడగనూ లేదు.

సంగీత దర్శకుడి అనుమతితో కుర్చీలు తీయించి, క్లిక్కు ఆపించి, ముందుగా డప్పులను మాత్రమే రికార్డు చేయించాం. వారి నడక నిమిషానికి నూట నాలుగు దెబ్బలతో మొదలై, చరణంలో నూట ఎనిమిదికి చేరింది. అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సుమారు 577 మిల్లీసెకన్ల నుంచి 556కు తగ్గింది. చూడటానికి ఇరవై మిల్లీసెకన్ల తేడానే గానీ, నూట నాలుగు దగ్గర బిగించిన క్లిక్కుతో పోల్చితే, చరణంలో పదహారు దెబ్బలు గడిచేసరికి వారు సెకనులో మూడో వంతు ముందుకు వెళ్లిపోతారు. యంత్రం దాన్ని తప్పంటుంది. నాకు మాత్రం ముగ్గురూ కలిసి ఒకే ఊపులో పరుగందుకున్నట్టు వినిపించింది. ముగ్గురిలో ఒక్కరూ మిగిలిన ఇద్దరినీ విడిచిపోలేదు.

తర్వాత నా వంతు. హెడ్‌ఫోన్లలో డప్పులు తప్ప ఇంకేమీ వద్దన్నాను. కదిలే కాలప్రమాణం మీద వాయించడం స్థిరమైన క్లిక్కుతో వాయించడం కన్నా కష్టం. ముందుకు తోయకూడదు, వెనక్కి లాగకూడదు, వారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ముందే పసిగట్టాలి. ఏళ్ల తరబడి క్లిక్కు వినిపించే మెట్రోనోమ్ ముందు కూర్చోకపోతే, మెట్రోనోమ్ లేకుండా ఈ పని చేయలేను. స్నేర్ పలుకు, సిటికెన పుల్ల పలుకు ఒకదాన్నొకటి తింటున్నాయని రెండో టేకులో గమనించి, స్నేర్ దాదాపు వదిలేసి, కిక్కు, ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్ములు మాత్రమే ఉంచాను. చరణానికి ముందు ఎడతెగకుండా దెబ్బలు కురిపిస్తూ నేను వేసిన పెద్ద రోల్ దర్శకుడికి నచ్చింది. వెనక్కి వేసి వింటే పెద్దాయన ముక్తాయింపును అది పూర్తిగా కప్పేసింది. తీసేయమని చెప్పాను. బాధ కలగలేదంటే అబద్ధం, ఆ రోల్ బాగా కుదిరింది. మూడో టేకు ఖాయమైంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో, నోరు ఎలా ఉన్నా వాయింపు బాగుంటే చాలదా అని శిష్యుడు వాదనకు దిగాడు. అమెరికాలో పేరుమోసిన సెషన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ, హిట్లు ఇచ్చేవాణ్ని పిలిచారు అంటూ తన డ్రమ్స్ దగ్గర బోర్డులు పెట్టుకునేవాడు కదా, ఆయనను పిలవడం మానేశారా అని అడిగాడు. మానలేదు. షఫుల్ అనే ఆయన ఊగే లయను విన్నవాళ్లు ఎలా మానుతారు? కానీ పర్డీ గొప్పలు తన గురించి. పక్కవాడికి చేతకాదన్న బోర్డు కాదు. 1982లో అమెరికా రాక్ బృందం టోటో పాటకు వాళ్ల డ్రమ్మర్ జెఫ్ పొర్కారో వాయించిన లయను అందరూ మెచ్చుకుంటే, అందులో పర్డీ నుంచీ లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ నుంచీ తెచ్చుకున్నది ఎంతో ఆయనే వివరించి చెప్పాడని కూడా వాడికి గుర్తుచేశాను. వాడు ఒప్పుకున్నట్టు లేదు.

మంచితనం ఒక్కటే ఉంటే ఏమవుతుందో కూడా వాడికి చెప్పాల్సింది. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుణ్ని నేనే సిఫారసు చేశాను. సమయానికి వచ్చేవాడు, అందరికీ టీలు తెచ్చేవాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. క్లిక్కులో నాలుగు ఆవృత్తాలు నిలవలేకపోయాడు. ముప్ఫై టేకుల తర్వాత రికార్డిస్టు ముక్కలు కోసి అతికించాల్సి వచ్చింది. అందరికీ అతనంటే ఇష్టమే, అందుకే ఎవరూ మొహం మీద చెప్పలేదు; మళ్లీ పిలవనూ లేదు. కారణం తెలియక అతను రెండేళ్లు ఎదురుచూశాడు.

రాత్రి తొమ్మిదింటికి నిన్నటి కుర్రవాడు ఫోన్ చేశాడు. ‘అన్నా, నా టేకు విన్నారంట కదా, ఏం తక్కువైంది?’ అన్నాడు. గొంతులో అహంకారం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు. వాయించడంలో ఏమీ తక్కువ కాలేదన్నాను, అది నిజమే. తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చింది. రేపు కలిసి మాట్లాడుకుందామని చెప్పి పెట్టేశాను. ఎక్కడ కలుద్దామో అతనూ అడగలేదు, నేనూ చెప్పలేదు. స్నేర్ సంచీకి ఇంకా కాలిన కాగితాల వాసన వస్తోంది.