గ్లోబు మాస్టారి ప్రశ్నకు జవాబు

పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి పంపమని నిర్వాహక సంఘం వారు కోరారు. చింతచెట్టు పార్లమెంటు గురించీ, వార్షికోత్సవం నాటి తెర సంగతీ ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు కనుక నేను గ్లోబు మాస్టారి గురించే రాయదలచుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నాకు దాదాపు గుర్తులేవు. తొమ్మిది 'బి'లో ఆయన యూరప్ పటాన్ని మేకుకు తగిలించి, గ్రీసు ఉత్తర భాగంలో ముదురు గోధుమ రంగు మీద బెత్తం ఆనించి, "ఇక్కడ పొలం లేదు, రేవు లేదు. మరి మనుషులు ఏం తిని బతికార్రా?" అని అడిగిన మధ్యాహ్నం మాత్రం నిన్నటిలా ఉంది. ముందు బెంచీ కూడా నోరు విప్పలేదు. ఆయనా జవాబు చెప్పలేదు. "పెద్దయ్యాక చూసి వచ్చి చెప్పండి" అని గంట కొట్టకముందే వెళ్లిపోయారు.

నేను చూసి వచ్చాను మాస్టారూ. ష్టుట్‌గార్ట్‌లో మా కింది వాటాలో ఉండే పెద్దాయన సొంతూరు గ్రీసు వాయవ్య మూలనున్న ఎపిరస్ కొండల్లోని జగోరి ప్రాంతంలో ఉన్న కపెసోవో. పశ్చిమ జర్మనీ 1960లో గ్రీసుతో కూలీల ఒప్పందం చేసుకున్నాక వచ్చిన వేలమందిలో ఆయనొకరు. ఆగస్టు 15 మరియమ్మ పండుగకు ఆయన వెంట నేనూ ఆ ఊరు వెళ్లాను.

వాళ్లు పొలం మీద బతకలేదు, దారి మీద బతికారు. ఒట్టోమన్ల కాలంలో జగోరి గ్రామాలకు పన్ను కట్టి తమ పాలన తామే చూసుకునే హక్కు ఉండేది. ఆ నీడలో మగవాళ్లు వలాకియాకూ (ఇప్పటి దక్షిణ రొమేనియా), ఇస్తాంబుల్‌కూ, ఈజిప్టుకూ వ్యాపారానికి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండేవారు. కపెసోవో నుంచైతే చర్చి గోడలకు బొమ్మలు వేసే చిత్రకారుల కుటుంబాలు ఎపిరస్ అంతటా తిరిగాయి. పరాయి దేశంలో సంపాదించినవాడు ఇంటికి పంపిన డబ్బుతో ఊళ్లో బావో, వంతెనో, బడో లేచేది. 1750లో జగోరిలోనే ఉన్న వ్రదేతో అనే ఊరి వాసి నూత్సోస్ కొండోడిమోస్ కట్టించిన ఒంటి కమాను వంతెన కింద నిలబడి నేను చాలాసేపు రాళ్ల కూర్పునే చూస్తూండిపోయాను. పాత రాతి వంతెనల మరమ్మతే నా వృత్తి, ఆ పనిలో నాకొక గౌరవం దక్కింది. అయినా అంత పలుచని కమానును అంత ధీమాగా నిలబెట్టినవాళ్లను తలుచుకుంటే చేతులు జోడించాలనిపించింది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది వాళ్ల బడి గురించి. పాస్కాలిస్ సోదరుల విరాళంతో 1861లో లేచిన ఆ రాతి భవనంలో, 1797లో వియన్నాలో గ్రీకు రచయిత, విప్లవకారుడు రిగాస్ ఫెరాయోస్ అచ్చు వేయించిన పటం ఉంది. పన్నెండు కాగితాలు కలిపితే గోడంత పటం. డాన్యూబ్ నుంచి క్రీట్ దాకా ఊళ్లు, నదులు, పురాతన నాణేల బొమ్మలు అన్నీ ఉన్నాయి. బాల్కన్ ప్రజలందరూ కలిసి స్వేచ్ఛగా బతికే రాజ్యాన్ని కలగన్న ఆ మనిషిని మరుసటి ఏడాదే బెల్‌గ్రేడ్‌లో చంపేశారు. ఆయన పటం మాత్రం ఈ కొండ మీద బడి పిల్లల ముందుకు వచ్చింది. తండ్రులు ఏ నది దాటి ఏ పట్నంలో ఉన్నారో పిల్లలు దాన్లో వేలు పెట్టి వెతుక్కునేవారని నా ఊహ.

ఊరు పలచబడటం ఒక్కసారిగా జరగలేదు. 1913లో జగోరి గ్రీసులో కలిసింది. కొత్త సరిహద్దులతో పాత వ్యాపార దారులు మూతపడ్డాయి. 1940లో ఇటలీ సేనలు దిగినప్పుడు ఆ ప్రాంతపు పిండస్ పర్వతాల ఆడవాళ్లు గ్రీకు సైనికుల కోసం మందుగుండు మూటలు వీపున మోసి కొండలు ఎక్కారు. తరువాత జర్మన్లు ఆ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు తగలబెట్టారు, ఆ పైన అంతర్యుద్ధం వచ్చింది. మిగిలినవాళ్లను ఏథెన్సు, జర్మనీ, ఆస్ట్రేలియా పిలిచాయి. భూమి మోసం చేయడం వల్ల ఆ ఊరు ఖాళీ కాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. పిల్లలను బయటికి పంపడానికే ఆ ఊరు బడి కట్టింది, ఆ బడి తన పని బాగా చేసింది. మన బ్యాచ్‌లో ఊళ్లో మిగిలినవాళ్లెంతమందో మీకే తెలుసు.

ఇప్పుడు ఆ బడిలో పాఠాలు లేవు, ఊరి పాత సామాను, పుస్తకాలు ఉన్నాయి. చలికాలంలో పొగ లేచే ఇళ్లు కొన్నే. పండుగకు మాత్రం ఊరంతా వస్తుంది. చెట్టు కింద క్లారినెట్, వయొలిన్ తెల్లవార్లూ మోగాయి. పెద్దాయన చెల్లెలు పిండి, గుడ్డు, మేకపాల జున్ను కలిపి, వెడల్పు రేకు పళ్లెంలో మన పేపర్ దోసె అంత పలుచగా పరిచి కాల్చిన పిండివంటను వేడివేడిగా చేతిలో పెట్టింది. అంచు కరకరలాడుతోంది. 2023లో యునెస్కో జగోరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక, రాతి పలకల కప్పు వేయగలిగే మేస్త్రీలకు మళ్లీ పని దొరుకుతోందని ఆమె సంతోషంగా చెప్పింది. ఒక పాత గోడ అంచనాకు నన్ను పిలిచారు. వచ్చే ఏడు మళ్లీ వెళ్తున్నాను.

తొమ్మిది 'బి' వాళ్లెవరైనా వస్తానంటే నాకు ముందుగా కబురు పెట్టండి. వ్రదేతోకు ఎక్కే పాత రాతి మెట్లు కొండంతా మెలికలు తిరుగుతాయి. గట్టి బూట్లు తెచ్చుకోండి.