"రుచికి తగినంత" అంటే ఎన్ని గ్రాములు?

ట్రైనింగ్ మూడో రోజు హోంవర్క్ ఇచ్చారు. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ రోజు లేచేదాకా ఏమేం తిన్నారో రాసుకు రమ్మన్నారు. మా అమ్మను అడిగాను. "నీతోనే కదే తినింది, నువ్వే రాసుకో" అంది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకూ గుర్తు రాలేదు.

మాది కావలి. హోమ్ సైన్స్ డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నప్పుడు, తిండికీ క్యాన్సర్‌కీ సంబంధం వెతికే ఒక పరిశోధనలో ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. క్యాన్సర్ వచ్చినవాళ్ళు కొందరు, అదే వయసులో, అదే చుట్టుపక్కల ఊళ్ళలో రానివాళ్ళు కొందరు. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగాలి. ఏం తింటారు, ఎంత తింటారు, ఎన్నాళ్ళకోసారి తింటారు. ఇంతేనా అనుకున్నాను.

నిన్నటి తిండి అడగడానికి ఒక వరస ఉంది. మొదటి విడత వాళ్ళు చెప్పేది అడ్డు పడకుండా వినాలి. రెండో విడత మరిచిపోయేవాటిని గుర్తు చేయాలి: టీ, మజ్జిగ, వక్కపొడి, పిల్లాడు వదిలేసిన ముద్ద. తర్వాత ఏ వేళకు, తర్వాత ఎంత, చివర మొత్తం చదివి వినిపించాలి. అసలు సరుకంతా రెండో విడతలోనే బయటపడేది. సింగరాయకొండలో ఒక ఆటో డ్రైవర్ "రెండు పూటలా అన్నమే మేడం, ఇంకేం లేదు" అన్నాడు. కదిపితే ఆరు టీలు, రెండుసార్లు బజ్జీలు, రాత్రి స్టాండు దగ్గర ఒక ఎగ్ దోసె తేలాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అన్నమే తిండి, మిగతావి తిండి కాదు.

ఎంత అనే ప్రశ్న దగ్గర ఇంకా కష్టం. నా బ్యాగులో చిన్న కాటా, కొలత గిన్నెలు, గరిటెలు ఉండేవి. కూరలో నూనె ఎంత పోస్తావక్కా అంటే "చూసుకుని పోస్తా". ఉప్పు? "రుచికి తగినంత". తప్పు నా ప్రశ్నదే. ఏ ఇంట్లోనూ నూనెను స్పూన్లతో లెక్కపెట్టరు, ప్యాకెట్లతో లెక్కపెడతారు. అందుకని నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారని అడగడం మొదలుపెట్టాను. అయిదుగురు ఉన్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లంటే మనిషికి రోజుకు 27 మిల్లీలీటర్లు. అదీ పూర్తిగా నిజం కాదు. పండక్కి కాచిన నూనె, దీపానికి పోసిన నూనె, అల్లుడు వచ్చిన వారం, అన్నీ అందులోనే ఉంటాయి.

అన్నం లెక్క మాత్రం నాకు నచ్చింది. వండకముందు బియ్యం తూచాలి, వండాక కుండలో మొత్తం ఎన్ని గిన్నెలయిందో కొలవాలి, మనిషి ఎన్ని గిన్నెలు తిన్నదో చూడాలి. 900 గ్రాముల బియ్యం 12 గిన్నెల అన్నమైతే, రెండు గిన్నెలు తిన్నామె 150 గ్రాముల బియ్యం తిన్నట్టు. ఆ గ్రాములను హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో చూస్తే పోషకాలు తేలతాయి. 528 ఆహార పదార్థాలకు లెక్కలున్నాయి అందులో. కానీ బియ్యం తూచాలంటే వంటకు ముందే చేరాలి. ఉదయగిరి వైపు కూలికి పోయే ఇళ్ళలో అయిదింటికే పొయ్యి వెలిగేది. ఒకసారి నేను ఆరుకు చేరేసరికి సంగటి దించేసి, టిఫిన్ క్యారేజీలు కూడా సర్దేశారు.

నిన్నటి తిండితో ఏడాది తిండి తెలియదు. అందుకని రెండో ఫారం ఉండేది, వంద పైచిలుకు పదార్థాల జాబితా. ఒక్కోదాన్నీ గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు తిన్నారని అడగాలి. నేను మొట్టమొదట దొరికిపోయింది అక్కడే. మామిడిపండు "రోజూ తింటాం" అంటే రోజూ గడిలో టిక్ పెట్టేశాను. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "ఏమ్మా, ఆ పెద్దావిడ సంక్రాంతికి కూడా మామిడిపండు తినిందా?" అన్నారు. ఆ తర్వాత ఎన్ని నెలలు అని అడగకుండా పండు గడి ముట్టలేదు.

చేపల సంగతి ఇంకో రకం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు సముద్రంలో వేటకు పోకూడదు. మేము జువ్వలదిన్నె వైపు తిరిగింది మే నెలలో. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు నిన్న తిన్నది పప్పుచారు, వేయించిన ఎండు నెత్తళ్ళు. ఆ కాగితాలు మాత్రమే చూస్తే వీళ్ళు పచ్చి చేప ఎరగరనుకోవాలి. కార్తీకమాసంలో పోయుంటే ఇంకొన్ని ఇళ్ళు పూర్తి శాకాహారులుగా తేలేవి. అందుకే ఒకే మనిషి దగ్గరికి వేరే వేరే కాలాల్లో పోవాలి, అందులో ఒక ఆదివారం కూడా పడాలి.

ఇంత ప్రయాస ఎందుకని మా నాన్న అడిగేవాడు. 1981లో డాల్, పీటో అనే ఇద్దరు అమెరికాలో క్యాన్సర్ చావుల్లో సుమారు 35 శాతం తిండికి ముడిపడి ఉండొచ్చని అంచనా వేశారు. పక్కనే, అది 10 నుంచి 70 మధ్య ఎంతైనా కావచ్చని కూడా రాశారు. ఆ ఎడం చూస్తే చాలు, కొలవడం ఎంత కష్టమో తెలుస్తుంది. పైగా జనం తక్కువ చేసి చెబుతారు. అమెరికాలోనే 1999–2000లో ఓపెన్ అనే అధ్యయనంలో, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ప్రత్యేకమైన నీళ్ళు తాగించి కొలిచి, ఫారంలో చెప్పినదానితో పోల్చారు. జాబితా ఫారంలో ఆడా మగా సగటున తిన్నదానిలో మూడో వంతు దాకా తగ్గించి చెప్పారట.

మాకు అలాంటి నీళ్ళు లేవు. మూత్రం క్యాన్లున్నాయి. తిన్న ఉప్పులో చాలా భాగం మూత్రంలో పోతుంది కాబట్టి, కొందరి దగ్గర 24 గంటల మూత్రం పట్టి ఉప్పు లెక్క సరిచూసేవాళ్ళం. ఈ ముచ్చట వివరించడానికి నాకు పట్టిన సిగ్గు అంతా ఇంతా కాదు. ఒక రొయ్యల గుంట కాపలాదారు క్యాన్ భద్రంగా తెచ్చిచ్చాడు. రాత్రి గుంట దగ్గరికి కూడా తీసుకుపోయావా అన్నా అంటే, "యాడ పాపా, అది ఇంట్లో ఉండాది కదా" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి.

అన్నిటికన్నా నేను మరిచిపోలేనిది నెల్లూరు ఆస్పత్రి వార్డులో ఒక ఇంటర్వ్యూ. ఆయనకు పొట్టలో క్యాన్సర్. జబ్బు ముదిరేకొద్దీ తిండి మారిపోతుంది కాబట్టి, జబ్బు బయటపడకముందు ఏడాది సంగతి అడగాలి. ఆయన మాట్లాడలేకపోతున్నాడు, భార్యే చెబుతోంది. ఉప్పులో ఊరిన తిండికీ పొట్ట క్యాన్సర్‌కీ సంబంధం ఉందంటారు కాబట్టి మా ఫారంలో ఎండుచేపలు, ఊరగాయ, సద్దన్నంలో ఉప్పు వరసగా వస్తాయి. ఊరగాయ రోజూ అని చెప్పింది, రాశాను. ఎండుచేపల దగ్గర ఆగింది. "అమ్మీ, ఇయ్యే మళ్ళీ మళ్ళీ అడగతా ఉండావే. నేను వండిపెట్టబట్టేనా?"

"అట్టా కాదు పెద్దమ్మా, జబ్బు లేనోళ్ళను కూడా ఇయ్యే అడుగుతాం" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు. అక్కడి నుంచి ప్రతి జవాబూ చిక్కిపోయింది. ఎండుచేపలు "ఎప్పుడన్నా". వేపుళ్ళు "పండక్కి". ఊరగాయ కూడా మార్చుకుంది, "రోజూ కాదులే, వారానికోసారి రాయి". జబ్బుపడ్డవాళ్ళు కారణం వెతుక్కుంటూ ఎక్కువ చేసి చెబుతారని ట్రైనింగులో చెప్పారు. వండిన చెయ్యి తక్కువ చేసి చెబుతుందని ఎవరూ చెప్పలేదు. తర్వాత పొగాకు ప్రశ్న వచ్చింది. చుట్టలు రోజుకు ఎన్ని అంటే తడుముకోకుండా చెప్పింది: పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు. అవి ఆమె చేతివి కాదుగా.

ఊరగాయ గడిలో ఏం పెట్టాలో తెలియక రెండు జవాబులూ రాసి, పక్కన రిమార్కుల్లో జరిగింది రాశాను. ఆఫీసులో దాన్ని ఏం చేశారో తెలియదు. ముందే ఆరోగ్యవంతుల్ని అడిగి పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఎవరికి జబ్బు వస్తుందో చూసే పద్ధతిలో ఈ బాధ ఉండదు. యూరప్‌లో ఎపిక్ అని 10 దేశాల్లో 5 లక్షల మందికి పైగా అలా చేర్చుకున్నారు. దానికి డబ్బూ ఓపికా కావాలి.

చివరి వారం సూపర్‌వైజర్ మా అందరి చేతా మా సొంత తిండి మీద ఆ జాబితా ఫారం మళ్ళీ నింపించారు. ట్రైనింగు మొదటి రోజు నింపినదీ పక్కన పెట్టి చూపించారు. అప్పుడు నా ఆకుకూరలు వారానికి అయిదుసార్లు, ఊరగాయ వారానికి ఒకసారి. ఇప్పుడు ఆకుకూరలు రెండుసార్లు, ఊరగాయ రోజూ. ఏడాదిలో మా ఇంట్లో వంట ఏమీ మారలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"అప్పుడే నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదా, మాగాయ జాడీ ఎవరు ఖాళీ చేస్తున్నారో" అంది.