నిలిచిపోయిన ఏస్‌ని మళ్లీ రోడ్డెక్కించాం

మాది నూజివీడు వైపు మామిడి తోట. కాయ కోసిన ప్రతిసారీ విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కి తోలడానికి బాడుగ బండి కోసం వెతుక్కోవడం మా ఇంట్లో ఏటా ఉండే టెన్షన్. సీజన్‌లో అందరి కాయా ఒకేసారి దిగుతుంది, ఉన్న బండ్లన్నీ ఎవరో ఒకరు ముందే మాట్లాడేసుకుంటారు. పక్క ఊళ్లో 2012 మోడల్ టాటా ఏస్ (చిన్న సరుకు బండి) ఒకటి రెండేళ్లుగా వేపచెట్టు కింద కదలకుండా ఉందని తెలిసి, సంక్రాంతి వెళ్లగానే పోయి చూశాను.

బాగా తిరిగిన బండి అంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. నేనైతే తిరిగిన బండికన్నా నిలబడిపోయిన బండికే జబ్బులెక్కువ అంటాను. అయినా ఇంజన్ గురించి నాకు బెంగ లేదు. అది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. సీటు ఎత్తితే కనిపిస్తుంది, సామాను ఎక్కడైనా దొరుకుతుంది, చేయి పెట్టగలిగే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. నేను చూసుకున్నది చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. చిన్న సుత్తి తీసుకెళ్లి కింద దూరి, కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) బిగించే చోట, అడ్డ పట్టీల దగ్గర తట్టుకుంటూ వచ్చాను. గట్టి ఇనుమైతే ఖంగుమంటుంది. తుప్పు తినేసిన చోట చప్పుడు మందంగా వస్తుంది, పొరలు రాలతాయి. క్యాబిన్ నేల, వెనక డాలా (సరుకు వేసే తొట్టి) రేకు చిల్లులు పడ్డాయి కానీ చాసిస్ గట్టిగానే ఉంది. దాని మీద కొట్టిన నంబరు ఎమరీ కాగితంతో రుద్దితే స్పష్టంగా కనిపించింది. ఆ నంబరు చదవడానికి రాకపోతే బండి ఎంత చవకైనా వదిలేయమనే చెబుతాను. ఫిట్‌నెస్‌కి, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందని సర్టిఫికెట్ ఇచ్చే తనిఖీకి వెళ్తే ఆ నంబరు చూస్తారు.

బేరం మాత్రం కాగితాల మీదే నడిచింది. బండి వివరాలు చూపించే ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు ఎప్పుడో దాటిపోయాయని, అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఆర్‌సీలో ఉందని తెలిసింది. గడువు దాటిన ఫిట్‌నెస్‌కి రోజుకి 50 రూపాయలు అదనపు ఫీజు అని కేంద్ర నిబంధనల్లో ఉంది. రెండేళ్లకి 36,500. ఈ లెక్క కాగితం మీద వేసి ఓనరు గారి చేతిలో పెట్టాను. 95 వేలు అడిగినాయన 50 వేలకి వచ్చారు. అప్పు ఎప్పుడో తీరిపోయిందట, ఆర్‌సీలోంచి ఆ పేరు తీసేయించడం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఫైనాన్స్ వాళ్ల దగ్గర కొత్త ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35 తెచ్చి, బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా.

వేరే బండి మీదకి ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చాం. అక్కడి గొప్పతనం ఏంటంటే ఒక్కో పనికి ఒక్కో షాపు. రేడియేటర్ వాళ్లు రేడియేటరే చేస్తారు, డీజిల్ పంపు వాళ్లు పంపే చూస్తారు. అన్నిటికీ తిరగాలి కానీ, ప్రతి పనీ చేయి తిరిగినవాడే చేస్తాడు.

బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామా అన్నాను. ఇంజన్ పని చేసే మేస్త్రీ ఒప్పుకోలేదు.

"తాళం జోలికి పోకు బాబూ. రెండేళ్లు పడుకున్న ఇంజన్ అది. లోపల రింగులు పట్టేసి ఉంటే ఒక్క దెబ్బకి బోరు, అదే సిలిండర్ లోపలి గోడ, గీసుకుపోద్ది. ముందు చేత్తో తిరుగుద్దేమో చూద్దాం."

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ రెండూ విప్పి, ఆ రంధ్రాల్లోంచి కొంచెం ఇంజనాయిలు పోసి రాత్రంతా వదిలేశాడు. మర్నాడు ముందు పుల్లీకి పానా వేసి మెల్లగా నొక్కాడు. మొదట మొరాయించింది, తర్వాత పావు చుట్టు, ఆపైన పూర్తి చుట్టు తిరిగింది. నాకు అప్పుడు వచ్చిన ధైర్యం తర్వాత ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు కూడా రాలేదు.

డీజిల్ ట్యాంకు దింపితే అడుగున నల్లటి జిగురు. ట్యాంకులో చేరిన నీళ్లకి, డీజిల్‌కి మధ్య సూక్ష్మజీవులు పెరిగి అలా తయారవుతుందట. స్టార్ట్ చేసి ఉంటే అదంతా పంపులోకి, నాజిల్స్‌లోకి పోయేది. ట్యాంకు కడిగించి, పైపులు, ఫిల్టర్ మార్చి, నాజిల్స్ పంపు షాపులో టెస్ట్ చేయించాం. ఇంజనాయిలు కొత్తది పోశాం. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసినట్టున్నారు, ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చాయి. వైరింగ్‌ని ఎలుకలు కొరికేశాయి, ఎలక్ట్రీషియన్ సగం కొత్తగా లాగాడు.

బ్రేకుల దగ్గర మాత్రం నేను రూపాయికి వెనకాడలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమే లోపల తుప్పు పట్టిస్తుంది. వెనక చక్రాల్లో బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్లు రెండూ పట్టేశాయి. బాగు చేస్తామన్నారు, వద్దని కొత్తవి వేయించాను. టైర్లలో గాడులు లోతుగానే ఉన్నాయి, పైకి చూస్తే మార్చబుద్ధి కాదు. కానీ పక్కన ముద్రించిన నాలుగంకెలు 2317. అంటే 2017లో 23వ వారంలో తయారైనవి. పక్క గోడలన్నీ పగుళ్లే. లోడుతో వెళ్తుంటే పేలాయంటే నడిపేవాడి ప్రాణం పోతుంది. స్టెప్నీతో సహా అన్నీ మార్చాం.

ఇంజన్ అందుకున్నాక కొత్త చిక్కు వచ్చింది. గేరు పడదు. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) అంటుకుపోయింది. గేర్‌బాక్స్ దింపాలేమో అనుకున్నాం. మేస్త్రీ వెనక చక్రాలు స్టాండ్ల మీద లేపి, గేరులో ఉంచి స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి పట్టుకుని ఒక్కసారిగా బ్రేక్ కొట్టాడు. కొన్నిసార్లు అలా చేశాక టప్పున ఊడింది. బ్రేకులు ముందే బాగు చేయించింది ఇందుకు కూడా పనికొచ్చింది.

టింకరింగ్‌లో క్యాబిన్ నేలకి, డాలాకి కొత్త రేకు పడింది. రంగు జోలికి పోలేదు, తుప్పు రాకుండా ప్రైమర్ మీద ఒక కోటు వేయించి సరిపెట్టాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి అప్పుడు 16,049 రూపాయలు, పైన జీఎస్టీ కట్టాం. రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, లైట్లు, హారన్, హ్యాండ్ బ్రేక్ అన్నీ సరిచూసుకుని వెళ్లాం, ఫిట్‌నెస్ వచ్చింది. బండి ఖరీదు, ఫీజులు, రిపేర్లు అన్నీ కలిపి లక్షా అరవై వేలు దాటింది. ఆ డబ్బుకి తిరుగుతున్న పాత ఏస్ దొరకదా అని మా బావ అడిగాడు. దొరుకుతుంది. కానీ దాని బ్రేకుల్లో, ట్యాంకులో ఏముందో నాకు తెలియదు, దీంట్లో ప్రతి బోల్టూ తెలుసు.

ఈ వేసవిలో బంగినపల్లి, రసాలు అన్నీ ఇందులోనే నున్నకి తోలాం. రెండో గేరులో ఇంకా కొంచెం సౌండు వస్తోంది. వానలు పడి తోట పని తగ్గాక గేర్‌బాక్స్ విప్పుదామని మేస్త్రీతో చెప్పి ఉంచాను.