నేలపట్టు గూడబాతులు, రెండు సైజుల సెన్సార్లు

పక్షుల ఫొటోలు తీసేవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఫుల్ ఫ్రేమా, చిన్న సెన్సారా? అంటే, కెమెరాలో వెలుతురు పట్టే పలక పాత ఫిల్ము ముక్కంత పెద్దదిగా ఉండాలా, చిన్నదైనా చాలా అని. చిన్న సెన్సారుతో మసక వెలుతురులో ఏం వస్తుందని ఒకరంటే, అంత బరువు మోసుకుని పొద్దంతా ఎవరు తిరుగుతారని ఇంకొకరంటారు. డిసెంబరు చివర్లో నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు చూడటానికి వెళ్లేటప్పుడు నేనూ మా మాస్టారూ ఈ సంగతి మా కళ్లతో చూసి తేల్చుకోవాలనుకున్నాం.

మాస్టారు నాకు ఇంటర్లో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక ఆయన లోకమంతా పక్షులే. ఆయన చేతిలో ఓఎం సిస్టమ్ వాళ్ల ఓఎం-1, దానికి 300 మి.మీ. ఎఫ్4 ప్రో లెన్సు. నాది నికాన్ జెడ్8, 180-600 జూమ్. రెండూ ప్రొఫెషనల్స్ వాడే బాడీలే. రెండింటిలోనూ ఫ్రేములను వేగంగా చదివే స్టాక్డ్ సెన్సారే, రెండూ పక్షి కన్ను వెతికి పట్టుకుంటాయి. సెన్సారు సైజు దగ్గరే తేడా. నాది 35.9 × 23.9 మి.మీ., 45.7 మెగాపిక్సెళ్లు. ఆయనది 17.4 × 13 మి.మీ., 20 మెగాపిక్సెళ్లు. వైశాల్యం లెక్కేస్తే నాది దాదాపు నాలుగు రెట్లు. ఆయన సెన్సారు మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న రకం, వెడల్పులో నాదానికి దాదాపు సగం కాబట్టి ఆయన 300 లెన్సులో కనిపించేది, నా 600లో కనిపించేది ఇంచుమించు ఒకే దృశ్యం. పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

నెల్లూరు నుంచి హైవే మీద నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరిగితే నేలపట్టు. ఊళ్లోవాళ్లు ఈ పక్షులను ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. చెరువు నీళ్లలో పడిన రెట్ట పొలాలకు ఎరువవుతుంది, అందుకే పక్షులు బాగా వచ్చిన ఏడు పంట బాగుంటుందని వాళ్ల నమ్మకం. నేలపట్టు పేరు చెప్పగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, కెమెరాలు ఆ తర్వాత.

మేం వెళ్లిన పొద్దున మబ్బు పట్టి ఉంది. చెరువులో సగం మునిగి నిలబడ్డ చెట్ల నిండా గూళ్లు. గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు. ఒకే చెట్టు మీద పై కొమ్మన ఒక జాతి, కింది కొమ్మన ఇంకో జాతి. అరుపులు, రెక్కల చప్పుడు, చేపల వాసన. వాచ్ టవర్ ఎక్కేసరికి మాస్టారు అప్పుడే కెమెరా చేత్తో పట్టుకుని గురి చూస్తున్నారు. నేను మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) సర్దుకుంటున్నాను. లెన్సు, బాడీ కలిపి నాది మూడు కేజీలు దాటుతుంది. ఆయనది రెండు కేజీల చిల్లర. ఆ ఒక్క కేజీ చెరువు కట్ట మీద గంట నడిచాక భుజానికి బాగా తెలుస్తుంది. మాస్టారికి అరవై దాటి చాలా ఏళ్లయింది, ఆయనకు మోనోపాడ్ అవసరమే పడలేదు.

మాకు ఎదురుగా ఉన్న గూటి మీదికి ఒక గూడబాతు వచ్చి వాలింది. పై ముక్కు అంచు వెంబడి వరసగా నీలి చుక్కలు, ముక్కు కొసన చిన్న గోరులాంటి వంపు. పిల్ల ఆగలేదు. తల్లి ముక్కు తెరవడమే ఆలస్యం, తల, మెడ మొత్తం గొంతు సంచిలోకి దూర్చేసింది. సంచి చర్మం సాగి, లోపల పిల్ల తల అటూ ఇటూ కదలడం బయటికి కనపడుతోంది. ఎన్నిసార్లు చూసినా తల్లికి నొప్పి పుట్టదా అనిపిస్తుంది నాకు. ఇద్దరం ఆపకుండా నొక్కాం.

షట్టరు ఇద్దరిదీ 1/800 సెకను. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు ద్వారం (అపెర్చర్) అంత ఎక్కువ తెరుచుకుంటుంది, వెలుతురు చాలనప్పుడు ఐఎస్ఓ పెంచి ఫొటోను వెలిగించాలి. ఆయన లెన్సు ఎఫ్4 దగ్గర తెరుచుకుంటుంది కాబట్టి ఐఎస్ఓ 2500 సరిపోయింది. నా జూమ్ 600 దగ్గర ఎఫ్6.3 కంటే తెరుచుకోదు, ఐఎస్ఓ 6400కి వెళ్లింది. మధ్యాహ్నం సూళ్లూరుపేట లాడ్జిలో రెండు ఫొటోలూ లాప్‌టాప్‌లో ఒకే సైజుకి తెచ్చి పక్కపక్కన పెట్టాం. నాలుగు రెట్లు పెద్ద సెన్సారు కదా, నాది ఎంతో శుభ్రంగా ఉంటుందనుకుంటారు ఎవరైనా. ఉంది, కానీ కొంచెమే. గూటి కింది నీడలో నాయిస్, అంటే చుక్కల గరుకు, నాకు కాస్త తక్కువ, అంతే. దూరం నుంచి చూసినవాళ్లకు ఏది ఏ కెమెరాదో తెలీదు.

"ఇందులో వింతేం లేదమ్మాయ్," అని మాస్టారు బిల్లు కాగితం తిరగేసి లెక్క మొదలుపెట్టారు. "నీ 600ని 6.3తో భాగించు. 95 మి.మీ. నా 300ని 4తో భాగించు. 75. పక్షి నుంచి వచ్చే వెలుతురు లోపలికి దూరే ద్వారం సైజు ఇది. వైశాల్యంలో నీది నాకంటే ఒకటిన్నర రెట్లు, ఇంకొంచెం పైన. సెన్సారు నాలుగు రెట్లున్నా దాని మీద పడే వెలుతురు మాత్రం అంతే కదా. గరిటెలో వచ్చేది అంతే అయినప్పుడు విస్తరి ఎంత పెద్దదైతే ఏం?"

ఈ యాత్రలో నాకు బాగా నాటుకున్న మాట ఇది. సెన్సారు సైజుతో రావాల్సిన రెండు స్టాపుల (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపు) లాభంలో ఒకటింబావు స్టాపుకి పైనే నా లెన్సు అపెర్చరే తినేస్తోంది. మిగిలింది ముప్పావు స్టాపుకు లోపే. వెనకాల కొమ్మలు మసకబారడంలోనూ అంతే తేడా. ఫుల్ ఫ్రేమ్ లాభం మొత్తం కావాలంటే 600 ఎఫ్4 కొనాలి. నికాన్ జెడ్ మౌంటులో ఉన్న ఆ లెన్సు ఒక్కటే 3260 గ్రాములు, ధర చూస్తే మనలాంటివాళ్లు ఆ వైపు వెళ్లరు. అందుకే సెన్సార్లను విడిగా పక్కపక్కన పెట్టి మాట్లాడటం నాకిప్పుడు అర్థంలేని పనిగా అనిపిస్తోంది. మీరు నిజంగా మోయగలిగే, కొనగలిగే లెన్సుతో కలిపి చూడాలి.

సాయంత్రం మళ్లీ నేలపట్టు. ఈసారి ఎగిరే క్షణాల కోసం. గూడబాతు చెట్టు మీద నుంచి లేచేటప్పుడు ముందు కాళ్లు మడిచి వంగుతుంది, తర్వాత ఒక్కసారిగా తోసుకుని గాల్లోకి దూకుతుంది. మనం చూసి నొక్కేలోపు ఆ తోపు అయిపోతుంది. దీనికి ఓఎం-1లో ప్రో క్యాప్చర్ ఉంది. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా ఫ్రేములను లోపల తిప్పుకుంటూ ఉంటుంది, పూర్తిగా నొక్కగానే అంతకు ముందు క్షణాలవి కూడా కార్డులోకి వస్తాయి. సెకనుకు 50 ఫ్రేములు, ఫోకస్ పక్షి వెంట కదులుతూనే, పైగా రా ఫైళ్లు, అంటే కెమెరా దిద్దని పూర్తి సమాచారం. జెడ్8లోనూ ముందు క్షణాలు పట్టే వీలుంది, కానీ కెమెరా దిద్ది కుదించే జేపెగ్‌లో మాత్రమే. రా తీసేటప్పుడు 20 ఫ్రేములు, ముందు క్షణాలు ఉండవు. తెల్లటి ఈకల మీద సాయంత్రపు ఎండ పడినప్పుడు రా ఉంటే ఆ వెలుగును తర్వాత దారిలో పెట్టుకోవచ్చు, జేపెగ్‌తో కష్టం. మాస్టారి కార్డులో గూడబాతు పాదం కొమ్మను వదులుతున్న ఫ్రేము ఉంది. వేళ్ల మధ్య పొర విచ్చుకుని, వెనక వేలు ఇంకా బెరడుకి తగులుతూ. నా వేగంతో నాకు అది దొరకలేదు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా ఓఎం-1కే ఓటేస్తాను.

మర్నాడు పులికాట్. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు వైపులా నీళ్లే. రోడ్డు పక్కన బండి ఆపి దిగగానే దూరంగా రాజహంసల గుంపు. మెడలు వంచి, తల తలకిందులు చేసి, ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటూ ఒకే వైపు నడుస్తున్నాయి. వాటి వెనక తాటాకు రంగు గడ్డి, చేపల పడవలు. మబ్బు విడిపోయి ఎండ బాగా కాస్తోంది.

ఇక్కడ పెద్ద సెన్సారు తన బలం చూపించింది. నేను అనుకున్నదానికి పూర్తిగా ఎదురు ఇది. పెద్ద సెన్సారంటే చీకటి కోసమని అందరూ అంటారు కదా, నాకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది మంచి ఎండలోనే. జెడ్8 బేస్ ఐఎస్ఓ, అంటే మామూలుగా పెట్టే కనిష్ఠం, 64. నడుస్తున్న పక్షులకు 1/400, ఎఫ్6.3 పెట్టి ఐఎస్ఓ 64 దగ్గరే తీశాను. ఓఎం-1 బేస్ 200, ఎఫ్4 దగ్గర ఆయన షట్టరు 1/3200కి పోయింది. అంటే నా సెన్సారు ఎనిమిది రెట్లు ఎక్కువసేపు వెలుతురు పట్టింది, ద్వారం కూడా నాదే పెద్దది. ఎండ దండిగా ఉన్నప్పుడు పెద్ద విస్తరి నిండా వడ్డించుకోవచ్చు. ఫొటో ఇంటికొచ్చాక తెరిచి చూస్తే తెల్ల రెక్కల మీద వివరం చెదరలేదు, నల్లటి పడవ లోపలి నీడను ఎంత పైకి లేపినా మట్టి మట్టిలాగే కనిపించింది, గరుకుదనం రాలేదు. మాస్టారి ఫైలు కూడా బాగానే ఉంది, కానీ పడవ లోపల నీడను లేపగానే గ్రెయిన్ తేలింది.

గుంపు దూరంగా జరిగినప్పుడు ఆయన చూపును 1.4 రెట్లు దగ్గర చేసే టెలీకన్వర్టర్ వేశారు. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో చూపు 840 మి.మీ. దాకా వెళ్లింది, అపెర్చర్ ఎఫ్5.6 అయింది. నేను జెడ్8ని సెన్సారు మధ్య భాగమే వాడే డీఎక్స్ క్రాప్‌లో పెట్టాను, 900 మి.మీ. చూపు, 19 మెగాపిక్సెళ్లు. అక్కడ ఇద్దరం దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నాం. పదిన్నరకల్లా నీటి మీది గాలి వేడెక్కి అలలు అలలుగా ఊగడం మొదలైంది. ఇక ఏ కెమెరా పెట్టినా రాజహంసల కాళ్లు వంకర్లు పోతున్నాయి. పులికాట్‌లో దూరపు పక్షులను తీయాలంటే పొద్దున్నే వెళ్లండి, సెన్సారు గురించి ఆలోచించేముందు ఎండ గురించి ఆలోచించండి. అంత గాలిలో ఐదొందల మీటర్ల అవతల ఉన్న పక్షిని ఎంత మంచి లెన్సూ కాపాడలేదు.

ఆ రాత్రి సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి వెళ్లాం. అమ్మవారి గుడి తలుపులు మూయరు, అదే ఆ గుడి ప్రత్యేకత. బయట పూల దుకాణాల దగ్గర బల్బుల వెలుతురులో మాల కడుతున్నామెను అడిగి ఫొటో తీశాం. నా దగ్గర 40 మి.మీ. ఎఫ్2, ఆయన దగ్గర 17 మి.మీ. ఎఫ్1.8. ఇప్పుడు ఇద్దరి అపెర్చర్లూ దాదాపు సమానం. ముందురోజు టవర్ మీద కనపడని రెండు స్టాపుల తేడా ఇక్కడ స్పష్టంగా బయటపడింది. ఒకే ఐఎస్ఓ దగ్గర ఆమె వేళ్ల మధ్య దారం నా ఫొటోలో పోగు పోగుగా ఉంది, ఆయన ఫొటోలో నాయిస్‌లో కలిసిపోయింది. "లెక్క సరిపోయింది" అని మాస్టారు సంతోషంగా తలూపారు. ఆయన కెమెరా ఓడిపోయిందన్న బాధ ఆయనలో ఏ కోశానా లేదు, సూత్రం నిలబడిందన్న ఆనందమే. పాఠం చెప్పేటప్పుడూ ఆయన అంతే.

పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, రాత్రి వీధులు తీసేవాళ్లయితే ఫుల్ ఫ్రేమ్ తీసుకోండి. పక్షులే ప్రాణం, నడక ఎక్కువ, బడ్జెట్టుకి హద్దుందంటే మాత్రం చిన్న సెన్సారును తక్కువగా చూడకండి. ఓఎం-1కి దుమ్ము, తుంపర్లను ఆపే ఐపీ53 రక్షణ కూడా ఉంది, పులికాట్ ఉప్పు గాలిలో, తుంపర్లలో మాస్టారు కవరు కూడా వేయలేదు.

నెల్లూరు వచ్చాక రెండు ఫొటోలు ప్రింటు వేయించాం. అంగుళానికి 300 చుక్కల లెక్కన నా ఫైలు 27 అంగుళాల వెడల్పు దాకా వస్తుంది, పులికాట్ పడవలు, రాజహంసలు దానికి సరిగ్గా కుదిరాయి. మాస్టారి ఫైలు అదే లెక్కన 17 అంగుళాలు. ఆయన 16 × 12 చాలన్నారు. కొమ్మ వదులుతున్న గూడబాతు పాదం ఆ సైజులో గీత గీతగా ఉంది. వచ్చే నెల కొల్లేరు, ఆటపాక వెళ్తున్నాం. అక్కడ పడవ ఊగుతుండగా తీయాలి కాబట్టి ఓఎం-1 నాకివ్వమని అడిగాను. సరేనన్నారు, జెడ్8 తను పట్టుకుంటానని, లెన్సు మాత్రం ఒడ్డు దాకా నన్నే మోయమని చెప్పారు.