ఫైల్లో అంకెలు కాదు, తేదీలు

సైన్స్ విధానం మీద పరిశోధన చేస్తున్నానంటే బెంగళూరులో మన తెలుగువాళ్లు మొదట అడిగేది పరిశోధనకు జీడీపీలో ఎంత శాతం ఖర్చు పెడుతున్నారన్నదే. మత్తికెరెలో నేను భోజనం చేసే ఆంధ్రా మెస్సులోనూ ఇదే చర్చ. 2020-21కి ప్రభుత్వ లెక్క 0.64 శాతం. పదో పంచవర్ష ప్రణాళిక ముగిసేలోగా రెండు శాతం చేస్తామని 2003 విధానంలో రాసుకున్నాం. 2013 విధానంలో మళ్లీ అదే రెండు శాతం. ఆఫ్రికా దేశాలు 2006లో ఖార్టూమ్‌లో కూర్చుని ఒక శాతం అనుకున్నాయి. అక్కడా చాలా దేశాలు ఇంకా ఆ గీత దాటలేదు. ఈ పట్టికలు గీసీ గీసీ విసుగొచ్చింది. డబ్బు తక్కువన్నది కాదనను. కానీ ఆ వచ్చే కాస్తా ఏ నెలలో వస్తుంది, ఎవరి సంతకంతో ఖర్చవుతుంది అన్నది ఏ పట్టికలోనూ దొరకదు. అందుకే విధాన పత్రాలు పక్కన పెట్టి కొనుగోలు ఫైళ్లు చదువుతున్నాను.

వాటిని చదవడం నేర్పింది ఒక ప్రయోగశాల పర్చేజ్ సెక్షన్లో పనిచేసి రిటైరైన పెద్దాయన. హిందూపురం మనిషి, ఇప్పుడు యశ్వంతపురలో ఉంటున్నారు. "ఫైల్లో అంకెలు చూడకమ్మా, తేదీలు చూడు" అన్నారు. చూస్తే కథ అక్కడే ఉంది. ఇండెంట్, అంటే ఫలానా వస్తువు కావాలన్న అర్జీ, జూన్‌లో పెడతారు. గ్రాంటు విడత డిసెంబరులో దిగుతుంది. మార్చి 31 లోపు ఖర్చు చూపించి యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపకపోతే తర్వాతి విడత ఆగుతుంది. దాంతో ఫిబ్రవరిలో కావలసింది కాక, దొరికేది కొంటారు. అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్-వన్‌కే ఆర్డరు వెళ్లాలి కాబట్టి, ద్రవాలు కొలిచి తీసే పిపెట్‌కు తొడగడానికి వచ్చిన టిప్పులు దానికి పట్టవు. "ఆడిట్‌కు మాత్రం చక్కగా పట్టేవి" అని నవ్వుతారాయన.

నియమాలు రాసేవాళ్లకు ప్రయోగశాల కనిపించదు. దేశీయ పరిశ్రమకు ఊతమివ్వాలని 2020లో 200 కోట్ల లోపు కొనుగోళ్లకు గ్లోబల్ టెండర్లు, అంటే విదేశీ కంపెనీలూ పోటీపడే టెండర్లు, ఆపేశారు. ఉద్దేశం మంచిదే, ఇక్కడ ఎవరూ తయారుచేయని యంత్రాలకూ అదే తాళం పడింది. ప్రత్యేక అనుమతులు ఉన్నాయి, వాటికి మళ్లీ ఫైళ్లు. 2025 జూన్‌లో గానీ శాస్త్రీయ సంస్థల అధిపతుల చేతికి గ్లోబల్ టెండర్లకు అనుమతించే అధికారం రాలేదు. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటైన జెమ్ పోర్టల్ బయట కొనే వీలూ, కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెరగడమూ అప్పుడే. ఈలోగా కొందరి పీహెచ్‌డీలు మొదలై ముగిసిపోయాయి కూడా.

2024 బడ్జెట్ ముచ్చట ఇంకా విచిత్రం. ల్యాబ్ రసాయనాల మీద కస్టమ్స్ సుంకం 10 శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెంచారు. ఆ పేరుతో ఆల్కహాల్ దిగుమతి అవుతోందన్న అనుమానమే కారణమని పత్రికలు రాశాయి. శాస్త్రవేత్తలు గోల పెట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. సారా కోసం వేసిన వలలో సైన్స్ పడిందన్నమాట.

నాకు ఆశ కలిగించిన ఉదాహరణ బ్రెజిల్‌లో ఉంది. సావో పాలో రాష్ట్రంలో ఫాపెస్ప్ అనే పరిశోధన నిధి సంస్థ 1962 నుంచి నడుస్తోంది. రాష్ట్ర పన్నుల రాబడిలో నిర్ణీత వాటా దానికి దక్కాలని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాశారు: 1947లో అర శాతం, 1989లో ఒక శాతం. ఆ డబ్బు నెలనెలా జమవుతుంది. మంత్రి మారినా ఆగదు. ఆ ధీమాతోనే 1997లో అక్కడి ల్యాబులు కొన్ని కలిసి, నారింజ తోటలను పీడించే జైలెల్లా బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని చదవడానికి పూనుకున్నాయి. 2000 నాటికి పూర్తి చేశాయి. మొక్కలకు తెగులు తెచ్చే బ్యాక్టీరియాల్లో ప్రపంచంలో అలా పూర్తిగా చదివింది అదే మొదటిది. సావో పాలో ధనిక రాష్ట్రం కాబట్టి సాగిందని వాదించవచ్చు. అయితే అదే దేశంలో కేంద్ర పరిశోధన నిధులకు పదేపదే కోతలు పడ్డాయి. నాకు ఆ తేడానే ముఖ్యం.

మన దేశంలో పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ సంస్థకు 2023లో చట్టం చేశారు. ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు, అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి రావాలి. అందరూ ఆ మొత్తం గురించే రాశారు. నేను మాత్రం విడుదల తేదీల కోసం చూస్తున్నాను.

నెలనెలా ఇస్తే బాగుంటుందని పెద్దాయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నెలనెలా వస్తే ఆఫీసే మింగేస్తుందమ్మా."

పాలనా ఖర్చు ఐదు శాతం మించకూడదని ఫాపెస్ప్‌కు నిబంధన ఉందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఐదు శాతంతో ఆఫీసు నడిపేవాళ్లా? వాళ్ల వోచర్లు తెప్పించు, చూద్దాం" అన్నారు.