ఆ 1.8 వాట్లు ఎటు పోయాయి?

ఎం.టెక్ ప్రాజెక్టుకి నేను తీసుకున్నది 20 వాట్ల ఎల్‌ఈడీ లైటు వెనక ఉండే అల్యూమినియం హీట్ సింక్, అంటే వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ. ఫ్యాన్ ఉండదు. గాలే వేడెక్కి పైకి పోతూ రెక్కల్ని చల్లబరచాలి. గాలి కదలికనీ వేడినీ లెక్కగట్టే ఫ్లూయెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, ఎరుపు నుంచి నీలం దాకా రంగులు తేలిన బొమ్మ పట్టుకుని గైడ్ గారి దగ్గరికి వెళ్లాను. సార్ ఆ బొమ్మ వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. "లోపలికి ఎన్ని వాట్లు వెళ్లాయి? బయటికి ఎన్ని వచ్చాయి?" అన్నారు. నీళ్లు నమిలాను.

అసలు 20 వాట్లూ వేడి కాదు. కొంత వెలుగుగా వెళ్లిపోతుంది, మా లైటుకి సుమారు 6 వాట్లు. మిగిలింది 14. సింక్ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి సగమే మోడల్ చేశాను, అంటే నేను ఇచ్చింది 7 వాట్లు.

లెక్క చూసే చోటు రిపోర్ట్స్‌లో ఫ్లక్సెస్. టోటల్ హీట్ ట్రాన్స్‌ఫర్ రేట్ ఎంచుకుని, కావాల్సిన గోడలు టిక్ చేయాలి. లోపలికొచ్చే వేడికి ప్లస్, బయటికి పోయేదానికి మైనస్. రెక్కల నుంచి ఎంత పోతోందో చూద్దామని రెక్కల గోడనీ, దాని షాడో గోడనీ (అదే గోడకి రెండో వైపు) రెండూ టిక్ చేశాను. సున్నా! లోహం వైపు అంకె, గాలి వైపు అంకె ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి మరి. ఒక్కటే టిక్ చేయాలని తెలియడానికి ఓ సాయంత్రం పట్టింది.

తర్వాత అసలు లెక్క తీశాను. లోపలికి 7, బయటికి 5.2. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) అన్నీ చక్కగా కిందికి దిగిపోయాయి, కానీ 1.8 వాట్లు గల్లంతు. తప్పు మెష్‌దేనని, అంటే మోడల్‌ని చిన్న ముక్కలు చేసే వలదేనని, 6 లక్షల సెల్స్‌ని 18 లక్షలు చేశాను. లాప్‌టాప్ రాత్రంతా మిక్సీలా అరిచింది, తేడా మాత్రం కదల్లేదు. చివరికి సింక్ అడుగు ఉష్ణోగ్రతకి ఒక మానిటర్ (అంకె ఎలా మారుతోందో చూపే గ్రాఫ్) పెట్టి చూస్తే గీత ఇంకా పైకే పోతోంది. సొల్యూషన్ ఇంకా నిలకడకి రాలేదు, తొందరపడి ఆపేసింది నేనే. ఇంకో 3000 ఇటరేషన్లు (లెక్కని మళ్లీ మళ్లీ వేసే విడతలు) నడిపితే తేడా 0.03కి దిగింది.

హమ్మయ్య అనుకుని ల్యాబ్‌లో కొలతకి కూర్చున్నాను. వేడిని తట్టుకునే కాప్టన్ టేపుతో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించి, సీలింగ్ ఫ్యాన్ ఆపేశాను. ఆపకపోతే ఆ గాలి రెక్కల మీదికొచ్చి కొలతంతా పాడవుతుంది. మే నెల, గదిలో 34 డిగ్రీలు. చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే రెండు గంటలు కూర్చున్నాను. మీటర్‌లో 63. సాఫ్ట్‌వేర్ చెప్పింది 75!

వాట్ల లెక్క కుదిరినా ఉష్ణోగ్రత తప్పు. కాగితం మీద వేసి చూస్తే అప్పుడు వెలిగింది, నేను రేడియేషన్ (పైతలం నుంచి కిరణాలుగా పోయే వేడి) ఆన్ చేయనేలేదు. మా సింక్ నల్లటి ఆనోడైజింగ్ (ఆక్సైడ్ పొర) ఉన్నది, ఎమిసివిటీ (వేడిని కిరణాలుగా వదిలే గుణం, గరిష్ఠం 1) 0.8 దాకా ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతల దగ్గర అలాంటి పైతలానికి రేడియేషన్ గుణకం, అంటే చదరపు మీటరుకి ఒక్కో డిగ్రీ తేడాకి పోయే వాట్లు, 5, 6 దాకా వస్తుంది. ఫ్యాన్ లేని గాలిదీ దాదాపు అంతే. రెక్కలు ఒకదానికొకటి ఎదురుగా ఉండటం వల్ల అదంతా అక్కరకు రాదు, అయినా వదిలేయదగ్గది కాదు.

ఆన్ చేశాక 64 డిగ్రీలు వచ్చింది. ఈసారి రేడియేషన్ అంకె 2.2 విడిగా చూసి, టోటల్‌కి కలిపేశాను. 7 ఇస్తే 9.2 బయటికి పోతోందట! టోటల్‌లో అది అప్పటికే కలిసి ఉంటుందని గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

రిపోర్టు స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చి, జిరాక్స్ షాపు బెంచీ మీద పేజీలు తిప్పుతుంటే పట్టికలో రేడియేషన్ 2.2 అని కనిపించింది. అది సగం సింక్‌ది. నాలుగు కాపీల్లోనూ పెన్నుతో కొట్టేసి 4.4 అని రాశాను.