అంతరించిన క్షీరదాల బొమ్మల సెట్: ఎంపిక నుంచి రంగుల దాకా నా అనుభవం

చరిత్రపూర్వ జంతువుల బొమ్మలు అనగానే అందరికీ డైనోసార్లే గుర్తొస్తాయి. క్షీరదాల వరకు వస్తే మామత్, కత్తికోరల పిల్లి, ఉన్ని ఖడ్గమృగం. ఈ మూడూ పెట్టేస్తే చాలామందికి సెట్ అయిపోయినట్టే. డైనోసార్లు పోయాక గడిచిన 6.6 కోట్ల సంవత్సరాల్లో ఎన్ని వింత జంతువులు వచ్చి వెళ్లాయో చూస్తే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది. అందుకే నేనే ఒక సెట్ చేద్దామని కూర్చున్నాను. అన్నీ ఒకే స్కేల్‌లో ఉండాలి, అరలో వరుసగా పెడితే ఎవరు ఎంత పెద్దవాళ్లో కంటికే తెలియాలి, పట్టుకుంటే విరగకూడదు. ఈ పని ఎలా సాగిందో రాస్తున్నాను. బొమ్మలు చేసేవాళ్లకే కాదు, కొనేముందు ఏది మంచి బొమ్మో చూసుకునేవాళ్లకు కూడా పనికొస్తుంది.

మొదట రాసుకున్న జాబితా చాంతాడంత అయింది. దాన్ని తగ్గించడానికి రెండు ప్రశ్నలు పెట్టుకున్నాను. నల్ల కాగితంలో జంతువు ఆకారం కత్తిరించి చూపిస్తే ఇప్పుడు బతికున్న ఏ జంతువో అని ఎవరూ పొరబడకూడదు, ఇది ఒకటి. మెడ కింద ఎముకలు కూడా సరిపడా దొరికి ఉండాలి, ఇది రెండోది.

మొదటి ప్రశ్న దగ్గరే సగం పోయాయి. తొలినాటి గుర్రాలు శాస్త్రంలో ఎంత ముఖ్యమైనవో నాకు తెలుసు, కానీ బొమ్మ చేస్తే చిన్న జింకలా ఉంటుంది. ఎపిసియాన్ పెద్ద కుక్కే. డేయోడాన్ భుజం దగ్గర మనిషంత ఎత్తుండేది, అయినా నల్ల కాగితంలో అడవిపందిలాగే కనిపించింది. డైనోసార్ బొమ్మలకు ఈ తలనొప్పి లేదు. క్షీరదాలకు మాత్రం దాదాపు ప్రతిదానికీ ఇప్పటికీ బతికున్న చుట్టం ఎవరో ఒకరు ఉంటారు.

రెండో ప్రశ్న ఇంకా కష్టం. ఆండ్రూసార్కస్ అనే భారీ క్షీరదాన్ని వదలడానికి మనసు ఒప్పలేదు. 1923లో ఇన్నర్ మంగోలియాలో దొరికిన దాని పుర్రె 83 సెంటీమీటర్ల పొడవుంది. అయితే దొరికింది ఆ పుర్రె ఒక్కటే. బజారులో కనిపించే ఆండ్రూసార్కస్ బొమ్మల్లో కాళ్లు, తోక, నడుము అన్నీ ఊహే. జైగాంటోపిథెకస్ అనే భారీ వానరం పరిస్థితి ఇంకా ఘోరం, దవడలూ పళ్లూ తప్ప ఏమీ లేవు. బొమ్మ చూసి పిల్లలు జంతువును నేర్చుకుంటారు. ఊహ పాలు అంత ఎక్కువున్నదాన్ని వాళ్ల చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

తర్వాత స్కేల్. పెద్దదైన పారాసెరథీరియంతో లెక్క మొదలుపెట్టాను. కొమ్ములేని ఈ ఖడ్గమృగం భుజం దగ్గరే సుమారు 4.8 మీటర్ల ఎత్తు. 1:20 (అసలు జంతువులో ఇరవయ్యో వంతు) అయితే 24 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది, అర మొత్తం అదే ఆక్రమిస్తుంది. 1:40 అయితే 12 సెంటీమీటర్లకు దిగుతుంది గానీ చిన్న జంతువులు మరీ చీమల్లా తయారవుతాయి. చివరికి 1:30 దగ్గర ఆగాను. పారాసెరథీరియం 16 సెంటీమీటర్లు, కత్తికోరల పిల్లి స్మైలోడాన్‌లో పెద్ద జాతి 4 సెంటీమీటర్లు. రెండూ పక్కపక్కన నిలబెడితే ఆ తేడా చూడటానికే సెట్ కొనాలనిపిస్తుంది.

ఈ స్కేల్ వల్ల ఒక నిర్ణయం తేలిగ్గా తేలిపోయింది. తిమింగలాల పుట్టుక చెప్పే వరుస పెట్టాలని మొదటినుంచీ నా పట్టుదల. అందరూ బాసిలోసారస్ అనే తొలినాటి తిమింగలాన్ని పెడతారు. 18 మీటర్ల జంతువు 1:30లో 60 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది, దాన్ని ఏ అరలోనూ పెట్టలేం. దాని బదులు మరో తొలినాటి తిమింగలం డోరుడాన్ తీసుకున్నాను. అది 5 మీటర్లు, అంటే బొమ్మ 17 సెంటీమీటర్లలోపే. ఈజిప్టులోని వాడి అల్ హితాన్ ఎడారిలో దాని అస్థిపంజరాలు చక్కగా దొరికాయి. వెనక కాళ్లు అప్పటికే దేనికీ పనికిరానంత చిన్నవి. బొమ్మలో గోరంత కూడా రావు, అయినా వాటిని వదల్లేదు. డోరుడాన్‌ను ఈనాటి తిమింగలాల నుంచి వేరు చేసి చూపించేవి ఆ కాళ్లే.

దానికి ముందు ఆంబ్యులోసిటస్. పాకిస్తాన్‌లో దొరికిన దీని గురించి 1994లో ప్రకటించారు. పొడవు 3 మీటర్లు, బొమ్మ 10 సెంటీమీటర్లు, పెద్ద పాదాలు, పొడవాటి మూతి. దానికన్నా ముందు పాకిసిటస్. పాకిసిటస్ బొమ్మ కొనేటప్పుడు జాగ్రత్త: మొదట్లో పుర్రె భాగాలే దొరకడంతో దాన్ని సీల్‌లా ఈదే జంతువుగా గీశారు. 2001లో శరీరం ఎముకలు ప్రకటించాక సన్నటి పొడవు కాళ్లున్న, నేలమీద నడిచే జంతువని తేలింది. పాత రూపంలో ఉన్న బొమ్మలు ఇంకా కనిపిస్తుంటాయి.

వరుసకు మొదట్లో పెట్టింది ఇండోహ్యూస్. సెట్ అంతటిలో నాకు అత్యంత ఇష్టమైన బొమ్మ ఇదే. కశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతం నుంచి దాని శిలాజాలున్న రాళ్లను సేకరించింది భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు. ఆయన పోయాక ఆయన భార్య వాటిని శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు ఇచ్చారు. థెవిసెన్ ప్రయోగశాలలో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె విరిగి, లోపలి చెవి ఎముక బయటపడింది. దాని ఒక అంచు తిమింగలాల్లో ఉన్నట్టే మందంగా ఉంది. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. నిజానికి ఇండోహ్యూస్ నా మొదటి ప్రశ్నకు నిలబడదు, నల్ల కాగితంలో బుల్లి జింకే. అయినా ఒంటరిగా కాకుండా ఈ నలుగురి వరుసలో నిలబెడితే దాని విలువ మారిపోతుంది. చెవి బొమ్మలో కనబడదు కాబట్టి దాన్ని కాళ్లు నీళ్లలో మునిగిన భంగిమలో చేశాను. దాని కాళ్ల ఎముకలు బయటి పొర మందంగా, బరువుగా ఉండేవి. నీళ్లలో దిగి తిరిగే జంతువులకు ఆ బరువు కావాలి.

ఇక కోరల సంగతి. స్మైలోడాన్ లేకుండా సెట్ అడగరని తెలుసు, పెట్టాను. కానీ నేను మనసు పెట్టి చేసింది థైలకోస్మైలస్. ఇది దక్షిణ అమెరికా జంతువు. పిల్లి కాదు, సంచి జంతువులకు దగ్గరిది. కోరల మొదళ్లు పుర్రెలో కళ్ల పైదాకా వెళ్తాయి, బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. కింది దవడ ముందు భాగం రెండు పక్కలా కిందికి సాగి, కత్తికి ఒరలా కోరకు ఆనుకుని ఉంటుంది. 1:30లో బయటికి కనిపించే కోర పొడవు కొద్ది మిల్లీమీటర్లే. నోరు తెరిచిన స్మైలోడాన్‌లో ఆ కోరలు అచ్చులోంచి తీసేటప్పుడే విరుగుతాయి. థైలకోస్మైలస్ నోరు మూసి చేస్తే కోర దవడ ఒరకు అంటుకుని ఉంటుంది, ఇక విరగడానికి తావే లేదు. ఆకారమూ నిజమే, గట్టిదనమూ వస్తుంది. కళ్లు కూడా పిల్లుల్లా ముందుకు కాకుండా పక్కలకు చూస్తాయి. ఈ ఒక్క మార్పుతో ముఖం పిల్లిపోలిక పూర్తిగా వదిలించుకుంది.

నిలబడటం విషయంలో మెగాథీరియం బంగారం. రెండు కాళ్లమీద లేచిన బొమ్మలు సాధారణంగా పడిపోతుంటాయి. కానీ ఈ నేల స్లాత్‌కు (చెట్లకు వేలాడే స్లాత్‌ల భారీ చుట్టానికి) వెనక కాళ్లు లావు, తోకా లావే. మూడూ నేలకు ఆనితే కదలదు. డోయెడికూరస్ అయితే బొమ్మ కోసమే పుట్టినట్టుంటుంది: గుండ్రటి పెంకు, తోక చివర గద, ఎక్కడా సన్నటి భాగం లేదు. కాలికోథీరియం గుర్రం తలతో, పొడవాటి ముందు కాళ్ల గోళ్లను లోపలికి ముడిచి నడిచేది. దీన్ని చూసిన ప్రతివాళ్లూ ‘ఇది నిజంగా ఉండేదా?’ అని అడిగారు. ఆ ప్రశ్న రావడమే నాకు కావాలి.

ఏనుగుల చుట్టం ప్లాటిబెలోడాన్ దగ్గర భంగిమ గురించి చాలా ఆలోచించాను. కింది దవడ చివర రెండు పలకల్లాంటి దంతాలు పారలా ఉంటాయి. బురదలోంచి మొక్కల్ని తవ్వి తీసేదని పాత పుస్తకాల్లో బొమ్మలు వేశారు. 1992లో శిలాజ శాస్త్రవేత్త డేవిడ్ లాంబర్ట్ ఆ దంతాల అరుగుదల పరిశీలించి, కొమ్మల్నీ గట్టి మొక్కల్నీ కొడవలిలా కోయడానికి వాడేదని తేల్చాడు. అందుకే నా బొమ్మలో అది తల ఎత్తి, తొండంతో ఒక కొమ్మను పట్టి దంతాల అంచుకు వేసి లాగుతున్నట్టు చేశాను. తొండం, కొమ్మ, దవడ మూడూ కలిసిపోవడంతో పోతకు (అచ్చులో పోసి తీసిన బొమ్మకు) కూడా బలం వచ్చింది.

తయారీ పద్ధతి మామూలే. లోపల తీగ, దానిమీద ఎపాక్సీ పుట్టీ, గట్టిపడ్డాక సిలికాన్ అచ్చు, అందులో రెజిన్ పోత. వెంట్రుకల దగ్గర మాత్రం ఒక మాట. 1:30లో 3 సెంటీమీటర్ల వెంట్రుక 1 మిల్లీమీటరు అవుతుంది. ఒళ్లంతా సూదితో గీతలు గీస్తే ఆ జంతువుకు మూరెడు బొచ్చున్నట్టు కనిపిస్తుంది. పొట్టి వెంట్రుకల జంతువులకు నున్నగానే వదిలి, మెడ మీద, తోక చివర మాత్రమే గీతలు పెట్టాను. పారాసెరథీరియంకు చర్మం ముడతలే, అవికూడా మోకాళ్ల దగ్గర, మెడ మొదట్లో.

అందరికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది మెగలోసెరస్ అనే భారీ జింక. కొమ్ముల విస్తారం 3.5 మీటర్లు, అంటే బొమ్మలో దాదాపు 12 సెంటీమీటర్లు, మందం మాత్రం చాలా తక్కువ. తలతో కలిపి ఒకే అచ్చులో పోస్తే రెజిన్ చివర్ల దాకా చేరదు, అక్కడ గాలి బుడగలు చిక్కుకుంటాయి. కొమ్ముల్ని విడిగా, పడుకోబెట్టి పోశాను. ప్రతి కొన దగ్గరా గాలి పోవడానికి అచ్చులో సన్నటి దారి కోశాను. ఎండాక ఆ దారిలో మిగిలిన రెజిన్ తోకల్ని కత్తిరించి, తలలో పెట్టిన చిన్న ఇనుప పిన్నుకు కొమ్మును గుచ్చాను. చిన్నపిల్లలకు ఇచ్చే బొమ్మయితే ఈ పద్ధతి పనికిరాదు, వంగే మెత్తటి ప్లాస్టిక్ వాడాలి. మూడేళ్లలోపు పిల్లలకైతే ఈ జంతువును అసలు ఇవ్వకపోవడమే మంచిది.

రంగుల్లో క్షీరదాలకు ఉన్న సౌలభ్యం చాలా డైనోసార్లకు లేదు. కొన్నిటిని మనుషులే కళ్లారా చూసి గీశారు. ఫ్రాన్స్‌లోని షోవే, కూన్యాక్ గుహల్లో మెగలోసెరస్ చిత్రాలున్నాయి. భుజం మీద మూపురం, దాని దగ్గర ముదురు రంగు కనిపిస్తాయి. నా బొమ్మకు రంగు నేరుగా అక్కడినుంచే తీసుకున్నాను. చిలీలోని ఒక గుహలో మైలోడాన్ అనే స్లాత్ చర్మం వెంట్రుకలతో సహా దొరికింది, ఎర్రటి గోధుమ రంగు. మెగాథీరియంకు అదే రంగు వేశాను, చుట్టరికం ఉంది కాబట్టి. రష్యాలోని యాకూతియాలో మంచులో దొరికిన హోమోథీరియం (ఇదీ కత్తికోరల పిల్లే) పిల్ల గురించి 2024లో ప్రకటించారు, ముదురు గోధుమ బొచ్చు. స్మైలోడాన్‌కు మచ్చలు వేద్దామనుకున్నవాణ్ణి, అది చూశాక మచ్చలు బాగా మసకగా, దగ్గరికొస్తే తప్ప కనబడనట్టు వేశాను. ఆధారం లేనిచోట వైభవంగా కాకుండా, అంత పరిమాణమున్న ఈనాటి జంతువుల రంగుల్లోనే ఉండటం నయం. ఏనుగంత జంతువుకు చారలు పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ నమ్మబుద్ధి కాదు.

మొదటి సెట్ పూర్తయింది. రెండోదానికి ఖడ్గమృగంలా కనిపించే ఆర్సినోయిథీరియం ఖాయం, జంట కొమ్ములు అంత లావుగా ఉంటే పోతకు దిగులే లేదు. ఆస్ట్రేలియా నుంచి డైప్రొటోడాన్ అనే భారీ సంచి జంతువు రావాలి. ప్రస్తుతం బల్లమీద ఉన్నది శివాలిక్ కొండల సివాథీరియం, శాస్త్రవేత్తలు ఫాల్కనర్, కాట్లీ 1836లో పేరు పెట్టిన పొట్టి మెడ జిరాఫీ చుట్టం. కళ్లపైన రెండు చిన్న కొమ్ములు, వెనక రెండు వెడల్పాటివి. వెనకవాటిని మెగలోసెరస్ పద్ధతిలోనే విడిగా పోయాలి, ముందువి తలతో కలిసే వస్తాయి.